“క్రీస్తే నాయందు జీవించుచున్నాడు”: ఈ ‘యందు’ను పిల్లలకి ఎలా చెప్పాలి?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
అందరికీ వందనాలు. అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక 2:20 మా సండే స్కూలు పిల్లలకి కంఠతవాక్యంగా ఇచ్చాం. వాళ్ళది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వాక్యం తడుముకోకుండా అప్పజెబుతున్నారు గానీ అర్థం అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. ‘నాయందు’ అంటే నా లోపలా, నా పట్లా, నా మీదా? ‘నేను కాను’ అన్నాక మళ్ళీ ‘నేనిప్పుడు’ అని ఎందుకొచ్చింది? వాక్యం పూర్తిగా ఇది:

“నేను క్రీస్తుతోకూడ సిలువవేయబడియున్నాను, ఇకను జీవించువాడను నేను కాను, క్రీస్తే నాయందు జీవించుచున్నాడు. నేనిప్పుడు శరీరమందు జీవించుచున్న జీవితము నన్ను ప్రేమించి, నాకొరకు తన్ను తాను అప్పగించుకొనిన దేవుని కుమారునియందలి విశ్వాసమువలన జీవించుచున్నాను.”

గుణుపురం నుంచి:
మాష్టారూ, పిల్లల తికమకకి కారణం వాక్యంలోనే ఉంది. ఇందులో ‘అందు’ మూడుసార్లు వచ్చింది: నాయందు, శరీరమందు, కుమారునియందలి. మొదటి రెండూ చోటు చెబుతాయి. మూడోది విశ్వాసం ఎవరి మీదో చెబుతుంది. ‘నాయందు దయవుంచి’ అనేటప్పటి యందు ఈ మూడో రకమే. మన మాటల్లో యందు ఇంకా బతికున్నది కూడా అలాంటి చోట్లే. అందుకే పిల్లల చెవికి ‘నాయందు’ అనగానే ‘నా పట్ల’ అని తోస్తుంది.

గ్రీకు మూలంలోనూ ‘ఎన్’ అనే విభక్తి మాట మూడుసార్లు ఉంది. ఎన్ ఎమోయి, ఎన్ సార్కి, ఎన్ పిస్తెయి: నాలో, శరీరంలో, విశ్వాసంలో. మొదటి రెండూ తెలుగులో యందు, అందు అయ్యాయి. మూడోది ‘విశ్వాసమువలన’ అయింది. ‘కుమారునియందలి’ అన్నచోట గ్రీకులో ఉన్నది షష్ఠి, అంటే ‘కుమారుని’ అని మాత్రమే. అది కుమారుని మీద మన విశ్వాసమా, కుమారుని విశ్వాస్యతా అని పండితుల్లో వాదం ఉంది. తెలుగు అనువాదం మొదటి అర్థాన్ని తీసుకుంది.

పిల్లలకి ‘నాలో’ అని చెప్పండి, తప్పేం లేదు. అదే ‘ఎన్’ని రోమా 8:10లో మన బైబిలే ‘క్రీస్తు మీలోనున్నయెడల’ అంది. ఒడియా చదివే పిల్లలకి ఇంకో దారి ఉంది. ‘ఠారే’కీ ‘భితరే’కీ తేడా వాళ్ళకి తెలుసు. భితరే అంటే గది లోపల, పెట్టె లోపల అన్నట్టు. మనిషికి చేర్చి చెప్పేటప్పుడు ఠారే వస్తుంది. మన యందు ఠారేకి దగ్గర. గుండెలో ఒక మూల చిన్న అర ఉన్నట్టూ అందులో క్రీస్తు కూర్చున్నట్టూ బొమ్మ గీసి చూపించడం మాత్రం వద్దు. ‘జీవించుచున్నాడు’ అన్న క్రియ ఆ బొమ్మలో ఇమడదు.

బరంపురం నుంచి:
పై జవాబుకి రెండు మాటలు చేరుస్తాను. చదివేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

‘క్రీస్తుతోకూడ’లో కూడ అంటే ‘తో పాటు’. విడదీసి ‘క్రీస్తుతో... కూడా’ అని దీర్ఘం తీస్తే, ఇంకెవరితోనో సిలువ వేశారు, క్రీస్తుతో కూడా వేశారు అన్నట్టు వినిపిస్తుంది. ఒక్క ఊపిరిలో చదవాలి.

రెండోది ‘సిలువవేయబడియున్నాను’. వాడుకలోకి మార్చేవారు దీన్ని ‘సిలువ వేయబడ్డాను’ అని కుదించేస్తారు. అలా చేస్తే అదెప్పుడో జరిగి ముగిసిపోయిన సంగతి అవుతుంది. గ్రీకులో సునెస్తౌరోమై అన్నది, జరిగిపోయి ఫలితం ఇంకా నిలిచి ఉన్నదని చెప్పే క్రియారూపం. మన ‘యున్నాను’ ఆ పనే చేస్తోంది. ‘బడు’ ప్రయోగం నోటికి ఎబ్బెట్టుగా ఉంటే ‘క్రీస్తుతో పాటు నన్నూ సిలువ వేశారు, నేనింకా ఆ స్థితిలోనే ఉన్నాను’ అనండి. పొడుగైనా అర్థం పోదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన మీ పర్లాకిమిడిలో వాడుక మాటలో చెప్పడానికి వెనకాడనక్కర్లేదు. అప్పజెప్పేటప్పుడు బైబిలు పాఠం, అర్థం చెప్పేటప్పుడు వాడుక. రెండూ కలిపేస్తే పిల్లలకి ఏదీ గట్టిపడదు.

జయపురం నుంచి:
అయ్యా, ఇంకో అనుమానం. మా వైపు కొండ పల్లెల్లో ఈ వాక్యం వినగానే ‘ఒంటిమీదికి రావడం’ అనుకుంటారు. ‘నేను కాను, ఆయనే’ అంటే పూనకంలో పలికే మాటే కదా అని అడుగుతారు. ఏం చెప్పాలి?

గుణుపురం నుంచి:
చాలా అవసరమైన ప్రశ్న, అమ్మా. వాక్యాన్ని ‘జీవించుచున్నాడు’ దగ్గర ఆపేస్తే ఆ అర్థమే వస్తుంది. గోడల మీద, క్యాలెండర్ల మీద రాసేటప్పుడు అక్కడికే ఆపుతుంటారు. రెండో సగం తప్పనిసరిగా చదవండి. పూనకంలో మనిషికి తన స్పృహ ఉండదు, వచ్చింది కాసేపటికి దిగిపోతుంది. ఇక్కడ పౌలు వెంటనే ‘నేనిప్పుడు శరీరమందు జీవించుచున్న జీవితము’ అంటున్నాడు. తిండి, పని, జబ్బు ఉన్న ఇదే ఒళ్ళు, తెలివిలో ఉన్న ఇదే మనిషి. పైగా ‘జీవించుచున్నాడు’, ‘జీవించుచున్నాను’ రెండూ ఆగని పనిని చెప్పే క్రియలే.

‘నేను కాను’ అంటే నేను లేనని కాదు. ‘లేను’ అనలేదు, ‘కాను’ అన్నాడు. లేను అంటే ఉనికే పోతుంది, కాను అంటే ఫలానావాణ్ణి కాను అని. నా బతుక్కి కర్తని నేను కాను అన్నమాట. పౌలు అక్కడ వాదిస్తున్నది మోషే ధర్మశాస్త్రం చెప్పిన క్రియల వల్ల నీతిమంతులం అవుతామా అన్న విషయం. ఆ లెక్కలు చూసుకుంటూ బతికిన పాత నేను క్రీస్తుతో పాటు చనిపోయాడు. కొందరు దీన్ని అద్వైతంతో కలిపి చెబుతారు. అదీ నిలవదు. ‘నన్ను ప్రేమించి, నాకొరకు’ అన్నప్పుడు ప్రేమించినవాడూ ప్రేమ పొందినవాడూ ఇద్దరు.

ఆయన ఎలా నివసిస్తాడని అడిగితే ఎఫెసీ 3:16–17 చూపించండి. ఆత్మవలన బలపడడం, విశ్వాసముద్వారా హృదయాల్లో నివసించడం. అక్కడి ‘నివసించు’కి గ్రీకు మాట కటోయికెయో. వచ్చిపోయే బస కాదది, స్థిరంగా కాపురం ఉండడం.

పర్లాకిమిడి నుంచి:
చాలా సంతోషం. చివరిగా ఒకటి. ఒడియాలో గౌరవానికి క్రియ చివర ‘అంతి’ వస్తుంది, తెలుగులో క్రీస్తుకి ‘చున్నాడు’ ఏమిటని పెద్ద పిల్లలు అడుగుతున్నారు. ‘చున్నారు’ అనవచ్చా?

బరంపురం నుంచి:
అనకండి. రాముడు అడవికి వెళ్ళాడు అంటాం, అందులో అగౌరవం ఏముంది? దేవుడి విషయంలో తెలుగు పద్ధతి అది. బైబిల్లో గౌరవాన్ని ‘ఆయన’ అన్న సర్వనామం మోస్తుంది. మత్తయి 28:6లో “ఆయన ఇక్కడ లేడు” అని కదా ఉంది.

‘మీ’ దగ్గర మాత్రం జాగ్రత్త. కొలొస్సీ 1:27లో “మీయందున్న క్రీస్తు” అన్నచోట గ్రీకులో బహువచనం. గౌరవానికి ఒక్కరిని అనే ‘మీరు’ కాదది, సంఘమంతటినీ ఉద్దేశించినది. గలతీ 4:19లో “క్రీస్తు స్వరూపము మీయందేర్పడువరకు” అన్నదీ అంతే. 2:20లో ‘నా’ ఏకవచనం. పిల్లల చేత మూడూ వరసగా చదివించి, ఎక్కడ ఒక్కరు, ఎక్కడ అందరూ అని వాళ్ళనే చెప్పమనండి.