ఇంగ్లండ్‌లో జీపీ (కుటుంబ వైద్యుల క్లినిక్) దగ్గర మనం ఏమి అడగవచ్చు?

కృష్ణా తీరం (ప్రశ్న):
విజయవాడ నుంచి మిల్టన్ కీన్స్ వచ్చి నాలుగు నెలలైంది. నాకు థైరాయిడ్ తక్కువ. ఆరేళ్లుగా రోజూ పరగడుపున 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. వెంట తెచ్చుకున్న చివరి సీసా సగానికి వచ్చింది. ఈ మధ్య నెలసరి కూడా విపరీతంగా అవుతోంది.

విజయవాడలో మా వీధి చివర ఒక డాక్టరుగారు ఉండేవారు. మా నాన్నగారి బీపీ దగ్గర నుంచి నా కాన్పు దాకా ఆయనకు తెలియనిది లేదు. టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చుంటే మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి వచ్చేసేవాళ్లం. కాంపౌండరు మాత్రల కవరు మీద పొద్దుటికి ఒక గీత, రాత్రికి రెండు గీతలు గీసి, మళ్లీ ఒకసారి నా చేత చెప్పించుకుని గాని పంపేవాడు కాదు.

ఇక్కడ మొదట వెళ్లిన జీపీలో నా పేరు మీద కరెంటు బిల్లు లేదని చేర్చుకోలేదు. రెండోచోట చేర్చుకున్నారు. కానీ ఫోను చేస్తే రిసెప్షన్‌లో ఉన్న ఆమె ‘సమస్య ఏమిటి?’ అని అడిగింది. నెలసరి సంగతి ఆమెకు ఎందుకు చెప్పాలి? ఏమీ చెప్పలేక పెట్టేశాను. పోయిన వారం మా నాలుగేళ్ల బాబు చెవి నొప్పితో రాత్రంతా ఏడ్చాడు. పొద్దున సరిగ్గా 8 గంటలకు ఫోను చేస్తే వరుసలో 22వ స్థానం. నా వంతు వచ్చేసరికి ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోయాయి. వీసాతోపాటు నాకూ మావారికీ తలా ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుము కట్టి వచ్చాం. అసలు ఇక్కడ జీపీ నుంచి మనం ఏమి ఆశించవచ్చో తెలిసినవారు చెప్పండి.

ఈస్ట్ హామ్ అక్క:
అమ్మా, మీరు ఫోను పెట్టేశారని చదివితే ప్రాణం ఉసూరుమంది. పదిహేడేళ్ల క్రితం నేనూ అలాగే పెట్టేశాను. మూడు నెలలు ఆలస్యం చేశాను. అప్పటికి రక్తహీనత ముదిరిపోయింది.

మొదటి చోట వాళ్లు చేసింది తప్పు. చిరునామా రుజువు, గుర్తింపు కార్డు, వీసా కాగితం లేవన్న కారణంతో చేర్చుకోకుండా పంపకూడదు. మీ ఇల్లు వాళ్ల పరిధిలో లేకపోతేనో, కొత్తవారిని తీసుకోవడం ఆపి ఉంటేనో కాదనవచ్చు. ఆ కారణాన్ని కూడా 14 రోజుల్లోగా రాసి ఇవ్వాలి.

ఇక రిసెప్షన్ సంగతి. ఆమె అడిగేది కుతూహలంతో కాదు. మిమ్మల్ని డాక్టరు చూడాలా, నర్సు చూడాలా, మందుల షాపుకు వెళితే సరిపోతుందా, ఈ రోజే చూడాలా అని తేల్చడం ఆమె పని. ఆమె కూడా గోప్యత పాటించాల్సిందే. అయినా నోరు రాకపోతే ‘ఆడవాళ్ల సమస్య, రక్తస్రావం ఎక్కువగా ఉంది, మహిళా డాక్టరు కావాలి’ అనండి. అంతకు మించి చెప్పనక్కరలేదు. పరీక్ష చేసేటప్పుడు పక్కన తోడుగా ఒకరు ఉండాలని అడగవచ్చు. ఇంగ్లీషులో ఇబ్బందైతే దుబాసీ కావాలని ముందే చెప్పండి, దానికి డబ్బు తీసుకోరు. తెలుగు దుబాసీ ఫోనులో దొరుకుతారు. మా అత్తగారికి అలాగే ఏర్పాటు చేశారు.

ఒక్కో అపాయింట్‌మెంటు సుమారు పది నిమిషాలే. మాత్రల సంగతీ నెలసరి సంగతీ రెండూ మాట్లాడాలంటే రెండింతల సమయం కావాలని ముందే అడగండి. ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చు కాబట్టి విడదీయకండి. మాత్రల సీసా, పాత రక్త పరీక్ష కాగితాలు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

పొద్దున 8 గంటల ఫోను వరుసలోనే నిలబడనక్కరలేదు. 2025 అక్టోబరు 1 నుంచి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30 వరకు ఆన్‌లైన్‌లో రాసి పంపే వీలు ప్రతి జీపీ దగ్గరా ఉండాలి. రాసుకునేవాళ్లకు సిగ్గు బాధ కూడా తగ్గుతుంది. తరువాత ఏమి చేస్తారో ఒక పనిదినంలో చెప్పాలి. అత్యవసరమైతే మాత్రం రాస్తూ కూర్చోకండి, ఫోను చేయండి. ప్రాణం మీదికి వస్తే 999. జీపీ మూసి ఉన్న వేళల్లో 111.

లెస్టర్ ఫార్మసిస్ట్:
అక్కగారు చెప్పినవి నిజం. నావి రెండు మాటలు, రెండూ మీకు డబ్బూ నిద్రా మిగిల్చేవి.

ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టాలి. కానీ థైరాయిడ్ తక్కువై రోజూ హార్మోను మాత్ర వేసుకునేవారికి మినహాయింపు ఉంది. ఆ మాత్రకే కాదు, రాసిన మందులన్నిటికీ వర్తిస్తుంది. దానికోసం మీ జీపీ దగ్గర ఎఫ్‌పి92ఏ ఫారం అడగండి. మినహాయింపు కార్డు చేతికి రాకముందే మందు కొనాల్సి వస్తే, ఆ డబ్బు తరువాత వెనక్కి తెచ్చుకోవడానికి, కట్టేటప్పుడే ఎఫ్‌పి57 రసీదు అడిగి తీసుకోండి. తరువాత అడిగితే ఇవ్వలేం. మన ఆడవాళ్లు ఎంతమంది ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి కట్టారో చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బాబు చెవికి డాక్టరే కావాలని లేదు. 2024 జనవరి 31 నుంచి ఏడు రకాల సమస్యలకు ఫార్మసిస్టులే చూసి, అవసరమైతే యాంటీబయోటిక్ వంటి మందులు ఇవ్వవచ్చు. చెవి నొప్పికి ఏడాది నుంచి 17 ఏళ్ల వరకు చూస్తాం. గొంతు నొప్పికి ఐదేళ్లు నిండాలి. చాలా చెవి నొప్పులకు యాంటీబయోటిక్ అక్కరలేదు కూడా. ఇవ్వకపోతే పట్టించుకోలేదని అనుకోకండి.

స్లౌ నుంచి:
అమ్మ విజిటర్ వీసా మీద పది వారాలు ఉన్నప్పుడు తాత్కాలిక రోగిగా నమోదు చేశారు. జీపీ చూసినందుకు డబ్బు తీసుకోలేదు. ఆసుపత్రి వైద్యం అలా కాదు, బిల్లు వేస్తారు. అమ్మానాన్నలను పిలిపించుకునేవారు బీమా తప్పక తీసుకోండి.

కృష్ణా తీరం:
అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి బాబు పడుకున్నాక కూర్చుని అంతా రాసిపెట్టుకున్నాను, నెలసరి సంగతితో సహా. సోమవారం పొద్దున 8.10కి పంపాను. 11 గంటలకు వాళ్లే ఫోను చేశారు. మంగళవారం రక్త పరీక్ష, గురువారం మహిళా డాక్టరు దగ్గర ఇరవై నిమిషాలు. ఫారం అడగడానికి వెళితే, ఆ రోజు ఫోనులో మాట్లాడిన ఆమే లోపల నుంచి తెచ్చి, నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి ఇచ్చింది.