ఫోన్లో కూత పెట్టి పిట్టను పిలిస్తే తప్పేంటి? (మండల్–చోప్తా ట్రెక్)

లంకబాబు: మే నెలలో ఉత్తరాఖండ్ వెళ్తున్నాం, మండల్ ఊరి అడవి, చోప్తా, తుంగనాథ్. పిట్టలు చూడ్డానికే. మండల్ గైడ్ ముందే తెగేసి చెప్పాడు: ఇది గూళ్ళ కాలం, కూతలు పెట్టి పిలవను, మిమ్మల్నీ పెట్టనివ్వను అని. కోనసీమ నుంచి అంత దూరం వెళ్ళి ఊరికే రావాలా? వేరే గైడ్ ఎవరైనా తెలిస్తే చెప్పండి.

అమలాపురం మాస్టారు: గైడ్‌ని మార్చకు బాబూ. కూత వినపడితే మగపిట్ట తన చోటులోకి ఇంకో మగది దూరిందనుకుంటుంది. మేత మానేసి, గూడు వదిలేసి కొట్లాటకొస్తుంది. పూర్వం పంజరంలో పెంపుడు కౌజును కూయించి, దాని మీదకొచ్చే అడవి కౌజుల్ని వలేసి పట్టేవారు. నువ్వు చేసేదీ అదే.

లంకబాబు: వాళ్ళు కూరొండుకునేవారు మాస్టారూ. నేను ఫొటో తీసుకుని వచ్చేస్తాను. ఒక్క నిమిషం కూతకి అడవేం ఖాళీ అయిపోదు.

యానాం సీను: మోనాల్ అంటే ఆ కొండల్లో తిరిగే రంగురంగుల అడవికోడి లాంటి పిట్టే కదా, దానికి కూతెందుకండీ? చోప్తా పైన పచ్చికలో పొద్దున్నే మేస్తూ కనిపిస్తుంది కదా.

లంకబాబు: మోనాల్ అని నేనన్నానా? టీసియా. పొదల అడుగున తిరిగే, తోకే లేనట్టుండే చిన్న పిట్ట. పిలవకపోతే బయటికి రాదు.

యానాం సీను: తుంగనాథ్ అని రాశారుగా. అక్కడికెళ్ళేవాళ్ళు అడిగేది మోనాలే. ఆ రాష్ట్ర పక్షి కూడా అదే.

లంకబాబు: మోనాల్‌ని వదిలెయ్యండి సార్!

కోరంగి పడవ: నేను మడ అడవిలో పడవ నడుపుతాను. ఒకసారి కెమెరాలోళ్ళు స్పీకర్ పెట్టి లకుముకిని ఒకటే పిలిచారు. వద్దన్నందుకు దిగేటప్పుడు డబ్బులు తగ్గించారు. తర్వాత వచ్చినోళ్ళకి ఆ రేవులో లకుముకి కనపడలేదు. తిట్లు మాత్రం నాకే.

లంకబాబు: మీకెవరో ఎగ్గొడితే నా మీద పడతారేంటండీ? టాపిక్ అది కాదు.

అమలాపురం మాస్టారు: అదే టాపిక్కు. నువ్వు ఫొటో తీసుకుని వచ్చేస్తావు. రేపు ఇంకొకడొస్తాడు, వాడిదీ ఒక్క నిమిషమే. సీజనంతా ఆ పొద దగ్గర మోగుతూనే ఉంటుంది. పైగా మండల్ ఎలాంటి ఊరో తెలుసా? 1973లో అక్కడి చెట్లను క్రీడాసామాన్ల కంపెనీకి రాసిచ్చేస్తే, నాగళ్ళకి కర్ర దొరకని ఆ చుట్టుపక్కల జనం అడ్డం తిరిగారు. చెట్లను కావలించుకుని నరకనివ్వని చిప్కో ఉద్యమం అక్కడే మొదలైంది. ఆ ఊరివాడు వద్దంటే బేరాలాడకు.

లంకబాబు: పాఠం చాలు మాస్టారూ. రోజుకింతని గైడ్ డబ్బులు కట్టేది నేను, మీరు కాదు. అన్ని కూతలూ నా ఫోన్లో ఉన్నాయి. అవి పెట్టుకోనిస్తే గైడే అక్కర్లేదు. అందుకే పెట్టనివ్వడు!

కోరంగి పడవ: ఆయ్, ఇప్పుడు బయటపడింది. పిట్ట గొడవ కాదిది, కూలి గొడవ.

యానాం సీను: డబ్బు పుచ్చుకున్నాక చెప్పినట్టు చెయ్యొద్దా మరి? హోటల్లో అయితే ఊరుకుంటామా?

కోరంగి పడవ: హోటల్‌వాడు మీరెళ్ళాక మళ్ళీ వండుకుంటాడు. పిట్ట చోటు మారిస్తే మేం ఎక్కణ్ణించి తేవాలి? ఎండాకాలం సంపాదనే వాళ్ళకి ఏడాది బియ్యం.

లంకబాబు: సరే, మార్చను. కానీ టీసియా కనపడకపోతే సగమే ఇస్తాను.

కోరంగి పడవ: ఆ ముక్క అతనికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. కొండెక్కించాక కాదు.