నిమ్మకాయ కోస్తే రక్తం రావాలి, పసుపే వస్తోంది!

బడిబల్ల: మా మండలంలో బాణామతి భయం ఇంకా పోలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు భూతవైద్యుల కిటుకులు చేసి చూపిద్దామనుకుంటున్నాను. చాకుకి పసుపు, సున్నం పూసి ఆరబెట్టి నిమ్మకాయ కోస్తే ఎరుపు పోయి పసుపు రంగు వస్తోంది. తప్పెక్కడ? హోమం దానంతటదే అంటుకోవడం బడిలో చూపించొచ్చా? "అయితే దేవుడు లేడా సార్?" అని అడిగితే ఏం చెప్పాలి?

సున్నపుతేట: పసుపు ఎర్రబడేది క్షారంలో. నిమ్మరసం ఆమ్లం కాబట్టి సున్నాన్ని విరిచేస్తుంది, రంగు వెనక్కి పోతుంది. మీకు కావలసింది ఆమ్లంలో ఎర్రబడే రంగు. ల్యాబ్‌లో 0.1 శాతం మిథైల్ ఆరెంజ్ ద్రావణం ఉంటే చాకుకి రెండు వైపులా రెండు మూడు పూతలు వేసి, ప్రతిసారీ పూర్తిగా ఆరనివ్వండి. పీహెచ్ (ఆమ్లం ఎంత గాఢమో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3.1 కంటే తగ్గితే అది ఎర్రబడుతుంది, నిమ్మరసం అంతకంటే చాలా కిందే ఉంటుంది. అది దొరక్కపోతే ఎర్రమందార రేకుల్ని చాకుకి గట్టిగా రుద్దండి, కాస్త గులాబీ వైపు వస్తుంది. మిథైల్ ఆరెంజ్‌తో కోసిన కాయని ఎవరూ నోట్లో పెట్టకుండా చూడండి.

పసుపు, సున్నం పారేయకండి. గ్లాసెడు పసుపు నీళ్లలో సున్నపుతేట పోస్తే దిష్టినీళ్లు, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపునీళ్లు. అసలు కిటుకు కంటే ఇదే బాగా ఎక్కుతుంది.

నిప్పుకణిక: హోమంలో "నెయ్యి" అని పోసేది గ్లిజరిన్, కింద ఉండేది పొటాషియం పర్మాంగనేట్ పొడి. అర చెంచా పొడి, నాలుగైదు చుక్కలు చాలు. వెంటనే అంటుకోదు. ఆ ఆలస్యమే మంత్రానికి పనికొస్తుంది. పలుకులు పెద్దవైనా, గ్లిజరిన్‌లో నీళ్లు కలిసినా, చలిగా ఉన్నా ఇంకా ఆలస్యం. "అంటుకోలేదే" అని వంగి చూసేవాళ్లకే ముఖం కాలుతుంది. ఆరుబయట, మట్టి మూకుడులో, పక్కన బకెట్ నీళ్లతో మీరే చేయండి. మిగిలిన పొడి పిల్లల చేతికి ఇవ్వొద్దు.

తర్కం: ముందే కిటుకు విప్పకండి. ఒకే కాయని సగం రంగు పూసిన చాకుతో, సగం కడిగిన చాకుతో కోయించి, కారణం వాళ్లనే ఊహించమనండి. దేవుడి ప్రశ్నకి నిజాయితీగా చెప్పండి: ఈ ప్రయోగం దేవుడి గురించి ఏమీ తేల్చదు, ఈ రక్తానికి దెయ్యం అక్కర్లేదని మాత్రం తేల్చింది. నమ్మకం ఉంచుకోవాలో వదులుకోవాలో ఆ పిల్లల ఇష్టం. చేతబడి దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఆ అనుమానంతోనే మన పల్లెల్లో మనుషుల పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే రాజ్యాంగంలో 51ఎ(హెచ్) చూపించండి. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణతో చేర్చారు. వాళ్లనీ పిలిచి, వాళ్ల చేతే కాయ కోయించండి.