పామర్తి వాళ్ళం, పామర్రు మా ఊరేనా?

ప్రశ్న:
మొన్న విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్తుంటే పామర్రులో బస్సు ఆగింది. ఆరో తరగతి చదివే మా బాబు షాపుల బోర్డులు చూస్తూ ఒక్కసారిగా లేచి నిలబడి, "నాన్నా, మన పేరే! చివర ఒక్క అక్షరం తప్పు రాశారు" అన్నాడు. మా ఇంటిపేరు పామర్తి. మూడు తరాలుగా తునిలోనే ఉంటున్నాం. పామర్రులో మాకు చుట్టాలు లేరు, సెంటు భూమి లేదు. మరి ఆ ఊరి పేరు మాకెలా వచ్చింది? వాడికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

తెలుగు మాస్టారు:
అక్షరం తప్పు కాదండీ. "ఊరి చెరువు" అంటాం గానీ "ఊరు చెరువు" అనం కదా. అలాగే నాడు, నాటి మాట. చేయి, చేతి వేళ్ళు. ఈ ఇ, టి, తి లనే చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అన్నారు. టంగుటూరు వాళ్ళు టంగుటూరి, కందుకూరు వాళ్ళు కందుకూరి, గార్లపాడు వాళ్ళు గార్లపాటి, పెనుమర్రు వాళ్ళు పెనుమర్తి అయ్యారు. గురజాడ, సర్వేపల్లి లాంటివి మారవు. బోర్డు మీద ఉన్నది ఊరు, మీ పేరులో ఉన్నది "ఆ ఊరి" అన్న మాట. బాబుకి ఇంతే చెప్పండి, పట్టేస్తాడు.

వలస పక్షి:
అక్కడ మీవాళ్ళు లేకపోవడం వింతేమీ కాదు. పామర్రులో ఉన్నన్నాళ్ళూ అందరూ పామర్రు వాళ్ళే, ఆ పేరుతో పనేముంది? ఊరు వదిలి ఇంకోచోట ఇల్లు కట్టుకున్నాకే "వాళ్ళా, పామర్రు నుంచి వచ్చినవాళ్ళు" అని గుర్తుపెట్టుకుంటారు. సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో, రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో. మోక్షగుండం మన గిద్దలూరు వైపు ఊరు, విశ్వేశ్వరయ్య గారు 1861లో పుట్టింది కన్నడదేశంలోని ముద్దేనహళ్ళిలో. తెనాలి రామకృష్ణుడి సంగతి ఇంకా బాగుంటుంది. ఆయన ఇంటిపేరు గార్లపాటి అంటారు. ఒక ఊరు ఇంటిపేరులో ఉండగానే జనం పెరిగిన ఊరిని కూడా తగిలించారు, చివరికి అదే నిలిచింది.

గోదావరి గట్టు:
ఒక్క మాట. కృష్ణా జిల్లా పామర్రు అని అప్పుడే ఖాయం చేసుకోకండి. గోదావరి వైపు కె.గంగవరం మండలంలోనూ ఒక పామర్రు ఉంది, ద్రాక్షారామానికి దగ్గరే. మీరు తునిలో ఉన్నారంటే నాకు అటే అనుమానం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మొక్కులు ఏ దేవుడికి చెల్లించేవారో అడగండి. ఊరు మర్చిపోయినా మొక్కు మర్చిపోరు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్సండీ. రాత్రి అమ్మని అడిగాను. మా నాయనమ్మ ఇంట్లో ఏ పెళ్ళి కుదిరినా పసుపు గుడ్డలో రూపాయి పావలా ముడుపు కట్టి, బియ్యం డబ్బాలో దాచేదట. పెళ్ళయ్యాక ఎవరో ఒకరు దాన్ని తీసుకెళ్ళి భీమేశ్వరుడి హుండీలో వేసి రావాలి. ఏ ఊరి భీమేశ్వరుడమ్మా అంటే, "ఇంకెక్కడ, ద్రాక్షారామం" అంది. అంత దూరం ఎందుకని అమ్మ కూడా ఎప్పుడూ అడగలేదట. వచ్చే ఆదివారం అమ్మనీ బాబునీ తీసుకుని బయల్దేరుతున్నాం. ముందు గుడికి, తర్వాత ఆ పామర్రుకి.