పాత గుండు బల్బు వెలుతురు ఎల్ఈడీలతో వస్తుందా?

అమ్మమ్మ వాళ్ల పెంకుటింటి వసారాలో ఒకప్పుడు 60 వాట్ల గుండు బల్బు ఉండేది. ఆ పసుపు వెలుతురే మళ్లీ కావాలి. అది దాదాపు 2700 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) అట. మా ఊళ్లో దొరికేవి 3000, 6500 మాత్రమే. 6500 పెడితే వసారా మెడికల్ షాపులా ఉంది! అందుకే 2200 ఫిలమెంట్ ఎల్ఈడీ ఒకటి తెప్పించి, 3000 దాని పక్కన వెలిగించాను. గోడ మీద రంగు బాగానే కలిసింది. నీడల అంచులు మాత్రం ఒక పక్క పసుపు, ఒక పక్క తెలుపు. రెండూ ఒకే పాలగాజు గ్లోబులో పెడితే అది పోతుందా?

పైగా కంచంలో ఆవకాయ మట్టిరంగులో కనిపిస్తోంది. డబ్బా మీద సీఆర్ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 అని ఉంది. పాత బల్బుకి దాదాపు 100 కదా, తేడా అక్కడేనా? 90 పైవి కొంటే ఎరుపు తిరిగొస్తుందా? వోల్టేజీ పడిపోతే ఆ పాత బల్బు ఎర్రబడేది, ఎల్ఈడీలో అది కూడా డిమ్మర్‌తో (వెలుతురు తగ్గించే స్విచ్) తెప్పించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.