ఈతలో ఫిన్స్ (పాదాలకు వేసుకునే ఈత రెక్కలు) తొడిగితే కుడి పిక్క పట్టేస్తోంది, ఇంట్లో ఏ వ్యాయామం చేయాలి?

మాది తిరుపతి. వయసు 34, బరువు 78 కిలోలు. జనవరిలో అండమాన్‌లోని హేవ్‌లాక్‌కు స్కూబా డైవింగ్ ఓపెన్ వాటర్ (మొదటి స్థాయి) కోర్సుకు వెళ్తున్నాను. అందులో ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, స్నార్కెల్ (ఊపిరి పీల్చే గొట్టం), ఫిన్స్‌తో 300 మీటర్లు. ఉత్త కాళ్లతో 200 ఈదేస్తాను. ఫిన్స్ తొడిగితేనే చిక్కు.

25 మీటర్ల పూల్‌లో ఆరో లెంగ్త్ దగ్గర, అంటే నాలుగైదు నిమిషాలకే, కుడి పిక్క రాయిలా బిగుసుకుపోతుంది. గట్టు పట్టుకుని ఫిన్ కొనను నా వైపు లాగితే నిమిషంలో వదులుతుంది, రెండు లెంగ్త్‌లకే మళ్లీ పట్టేస్తుంది. ఎడమ కాలికి ఎప్పుడూ రాలేదు.

రెండు నెలలుగా వారానికోసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతున్నాను, పెద్దగా ఆయాసం లేదు. (మెట్లెక్కే కాళ్లకు ఇదో లెక్కా అనుకున్నా, నీళ్లు నా పొగరు దించాయి.) వారానికి మూడు రోజులు స్క్వాట్స్, మడమలు ఎత్తడం, 20 చొప్పున 3 సెట్లు. ఈతకు ముందు అరటిపండు, ఓఆర్‌ఎస్ కూడా అయ్యాయి. పొడవాటి గట్టి ఫిన్స్ బదులు పొట్టి, మెత్తటివి వేసుకుంటే ఎనిమిదో లెంగ్త్ దాకా వచ్చాను, అంతే. కోచ్ వీడియో తీసి చూపిస్తే నా మోకాళ్లు సైకిల్ తొక్కినట్టు వంగుతున్నాయి. తుంటి నుంచి తన్నమంటారు. అలా తన్నితే తొడలు తొందరగా అలిసిపోతున్నాయి.

ఇంకా ఆరు వారాలుంది, పూల్ వారానికి రెండుసార్లే దొరుకుతుంది. పిక్క మీద భారం తగ్గి తుంటి నుంచి తన్నే బలం రావాలంటే, మిగతా రోజుల్లో ఇంట్లో ఏ వ్యాయామాలు, ఎన్ని సెట్లు చేయాలి?