జిమ్నీ 40 లీటర్ల ట్యాంకుతో తాండీ నుంచి లేహ్: పెట్రోలు లెక్క ఎలా వేసుకోవాలి?

కరీంనగర్ జిమ్నీ:
అందరికీ నమస్తే. నాది మారుతీ జిమ్నీ మాన్యువల్. కంపెనీ టైర్లు తీసేసి 235/75 ఆర్15 ఆల్ టెరైన్ వేయించాను. పైన ఇనుప రూఫ్ ర్యాక్, దానికి లైట్ బార్, ముందు స్టీలు బంపరు ఉన్నాయి. హైవే మీద 100లో పోతే మైలేజీ 9.5 దాటట్లేదు. కంపెనీ చెప్పిన లెక్క 16.94. జూన్ ఆఖర్లో ఇద్దరం మనాలి మీదుగా లేహ్ వెళ్తున్నాం. మనాలి దాటాక వచ్చే తాండీ బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్లు" అనే బోర్డు సంగతి అందరికీ తెలిసిందే. 9.5ని 40తో గుణిస్తే 380 వస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు అది నిలుస్తుందా? పెద్ద ట్యాంకు వేయించాలా, జెర్రీ క్యాన్లు చాలా? వీలైతే సో మొరీరి సరస్సు కూడా చూడాలని ఉంది.

గ్యారేజీ బెజవాడ:
తమ్ముడూ, ముందు ఆ 9.5 ఎలా వచ్చిందో చెప్పు. మీటర్‌లో చూపించిందా, ట్యాంకు నింపి లెక్క కట్టావా? మీటర్ అంకెను నమ్మి అంత దూరం బయల్దేరకూడదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండి అటూ ఇటూ వాలకుండా నిలబెట్టి, పంపు దానంతట అదే ఆగే మొదటి కట్ వచ్చేదాకా పోయించు. ట్రిప్ మీటరు సున్నా చెయ్. 250–300 కిలోమీటర్లు తిప్పాక అక్కడే మళ్లీ మొదటి కట్ దాకా పోయించి భాగించు. కట్ అయ్యాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకో అర లీటరు కుక్కితే లెక్క చెడుతుంది, ఆవిరి పట్టే క్యానిస్టర్‌లోకి పెట్రోలు పోతుంది కూడా. ఇలా మూడు ట్యాంకులు చూసి సగటు తీసుకో.

కరీంనగర్ జిమ్నీ:
ట్యాంకు లెక్కే అన్నా. 285 కిలోమీటర్లకు 30 లీటర్లు పట్టింది.

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
అయితే మీ 9.5లో ఒక పొరపాటు దాగి ఉంది. కంపెనీ టైరు 195/80 ఆర్15. రిమ్ము 381 మిల్లీమీటర్లు, పక్కగోడ 195లో 80 శాతం, అంటే 156 చొప్పున రెండు వైపులా 312. మొత్తం వ్యాసం 693. మీ 235/75 టైరు వ్యాసం 733 పైచిలుకు. అంటే చక్రం ఒక్కో చుట్టుకు దాదాపు 5.8 శాతం ఎక్కువ దూరం పోతోంది, మీటరు మాత్రం పాత చుట్టునే లెక్కేస్తోంది. మీటర్‌లో 285 పడితే నిజంగా తిరిగింది 301. మైలేజీ 10 వచ్చినట్టు. స్పీడోమీటరుదీ అదే తేడా. మ్యాపు దూరంతో పోల్చేటప్పుడు మీటర్ అంకెను 1.058తో గుణించుకోండి. లేదంటే ఫోన్‌లో జీపీఎస్ పెట్టి ఓఆర్ఆర్ మీద 50 కిలోమీటర్లు సరిచూసుకోండి.

ఇక కొండ సంగతి. బండి 1200 కిలోలు, మనుషులూ సామానూ పెట్రోలూ కలిపి 1500 అనుకుందాం. అంత బరువును 1000 మీటర్లు పైకెత్తడానికి 14.7 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్లుంటే ఇంజిన్ అందులో పావు వంతుకు కాస్త ఎక్కువే చక్రాలకు ఇస్తుంది. కాబట్టి ప్రతి 1000 మీటర్ల ఎత్తుకూ దూరానికయ్యే పెట్రోలు కాక ఇంకో 1.7 లీటర్లు వేసుకోవాలి.

తాండీ ఎత్తు 2570 మీటర్లు. బారాలాచా లా (లా అంటే కనుమ) 4890. అక్కడి నుంచి సర్చూకి దిగి, 21 వంపుల గాటా లూప్స్ ఎక్కి నకీ లా, తర్వాత లాచులుంగ్ లా 5060, పాంగ్‌కి దిగి మోరే మైదానం దాటాక టాంగ్లాంగ్ లా 5328. దిగినవి వదిలేసి ఎక్కినవి మాత్రమే కూడితే దాదాపు 4000 మీటర్లు. అంటే ఎక్కుళ్లకే 7 లీటర్లు. ఆ దారిలో వేగం 40–50 కాబట్టి గాలి అడ్డు తక్కువ, చదునులో బరువుతో 12 వస్తుందనుకుంటే 365 కిలోమీటర్లకు 30.5 లీటర్లు. మొత్తం 37.5. దిగుళ్లలో కొంత మిగులుతుంది. మిలిటరీ కాన్వాయ్‌కి దారివ్వడం, చలికి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం, రోడ్డు విరిగిన చోట మొదటి గేరులో పాకడం ఆ మిగులును తినేస్తాయి. నా సలహా: లీటరుకు 9 చొప్పున వేసుకోండి. 40.6 లీటర్లు కావాలి. ట్యాంకు 40, అడుగున 3 లీటర్లు ముట్టుకోకూడదు.

గ్యారేజీ బెజవాడ:
ఆ 3 లీటర్లు ఎందుకు ముట్టుకోకూడదంటే, పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఏటవాలులో పెట్రోలు ఒక మూలకి జరిగితే పంపు గాలి పీలుస్తుంది, ఒట్టిగా తిరిగి వేడెక్కుతుంది. అక్కడ పంపు పోతే బండి ట్రక్కు మీద దిగాల్సిందే.

మాస్టారు లెక్క చెప్పారు కదా, ఇప్పుడు బండి సంగతి. నాలుగు పనులు ఈ వారమే చేసుకో.

బ్రేకు పట్టేస్తోందేమో మొదట చూడు. మన దగ్గర వాన నీళ్లలో, బురదలో తిరిగిన బండ్లకు ఇదే పెద్ద దొంగ. బ్రేకు పెద్దగా కొట్టకుండా 20 కిలోమీటర్లు నడిపి ఆపు. నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి వెనక వైపు పెట్టి వేడి పోల్చు, తాకకు. ఒకటి మిగతావాటికన్నా సెగ కొడుతుంటే ఆ చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పు. ముందు చక్రమైతే క్యాలిపర్ స్లైడ్ పిన్నులు ఎండిపోయి ఉంటాయి. తీసి తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పూయాలి. చాసిస్ గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. వెనక డ్రమ్ముల్లో హ్యాండ్‌బ్రేకు కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రాకపోవడం కూడా మామూలే.

రెండోది థర్మోస్టాట్. తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ వేడెక్కదు, కంప్యూటర్ చలి బండికి పోసినట్టు ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఓబీడీ స్కానరు పెట్టి కూలెంట్ వేడి చూడు. పావుగంట నడిపాక కూడా 70 దగ్గరే తచ్చాడుతుంటే మార్చెయ్.

మూడోది అలైన్‌మెంట్. నీ బండికి ముందూ వెనకా గట్టి యాక్సిల్, మామూలుగా సరిచేయగలిగేది టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. పెద్ద టైరు వేశాక చూపించకపోయి ఉంటే చూపించు. నాలుగోది ఎయిర్ ఫిల్టరు. ఇది మూసుకుంటే ముందు పోయేది పికప్. అక్కడ గాలే పలచన కాబట్టి కొత్తది వేసుకుని, పాతది దులిపి స్పేర్‌గా పెట్టుకో.

ఎర్రమట్టి దారి, విశాఖ:
టైరు గాలి గురించి ఎవరూ అనలేదండి, మైలేజీ సగం అక్కడే ఉంది. డోరు దగ్గర స్టిక్కరులో ఉన్న అంకె కంపెనీ టైరుకు. మీ వెడల్పు టైరుకు సుద్దముక్కతో తేల్చుకోవచ్చు. ట్రెడ్ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా లావుపాటి గీత గీయండి. చదునైన తారు మీద నేరుగా వంద మీటర్లు పోయి దిగి చూడండి. నడుమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. గీతంతా సమంగా అరిగినప్పుడు ఉన్న అంకె మీ బండిది. సామాను నింపాకే ఈ పరీక్ష చేయండి, ముందు వెనక విడివిడిగా.

మెత్తటి నేలలో లెక్క తిరగబడుతుంది. ఇసుకలో గట్టి టైరు నాగలిలా దున్నుకుంటూ పోతుంది, ఇంజిన్ అరుస్తూ తాగుతుంది. అక్కడ 15–16 పీఎస్ఐకి దించితేనే పెట్రోలు మిగులుతుంది. రాళ్ల దారిలో 20–22. మళ్లీ నింపే కంప్రెసర్ లేకుండా మాత్రం దించొద్దు. తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే పక్కగోడ కాలిపోతుంది.

ఇంకో మాట. కింద 28 పెట్టుకుంటే 4900 మీటర్ల దగ్గర గేజి 30 దాకా చూపిస్తుంది. బయటి గాలి ఒత్తిడి తగ్గడం వల్ల 6 పెరగాలి, చలి వల్ల 4 తగ్గుతుంది. కంగారుపడి పైన గాలి తీసేస్తే కిందికొచ్చాక టైరు చప్పబడుతుంది.

కరీంనగర్ జిమ్నీ:
చాలా థ్యాంక్స్ మేడమ్. మరి రూఫ్ ర్యాక్ తీసేయమంటారా? నాలుగు చక్రాలూ లాగే 4హెచ్‌లో పోతే ఎక్కువ తాగుతుందా?

ఎర్రమట్టి దారి, విశాఖ:
ర్యాక్ వల్ల నష్టం లేహ్ దారిలో కాదు, కరీంనగర్ నుంచి మనాలి దాకా. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే అడ్డు 56 శాతం ఎక్కువ. జిమ్నీ అసలే పెట్టె ఆకారం, పైన ఖాళీ ర్యాక్, లైట్ బార్ ఉంటే ఇంకా ఎక్కువ. ఐదో గేరే ఆఖరిది, 100లో ఇంజిన్ 3000 ఆర్‌పీఎం చుట్టుపక్కల ఉంటుంది. 80–85లో పోయి చూడండి, వేరే బండి నడుపుతున్నట్టుంటుంది. పైన పెట్టే సామాను లేకపోతే ర్యాక్ ఇంట్లో వదిలేయండి. పెట్టాల్సి వస్తే తేలికవి మాత్రమే, లైట్ బార్ విప్పేసి.

4హెచ్ జారే నేలలోనే. దీనికి నడుమ డిఫరెన్షియల్ లేదు. తారు మీద మలుపు తిరిగితే ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరే దూరాలు తిరగాలి, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తిరగనివ్వదు. స్టీరింగ్ బిగుసుకుంటుంది, టైరు గీసుకుపోతుంది, పెట్రోలు కూడా దానికే పోతుంది. నీటి వాగు, బురద, మంచు వచ్చినప్పుడు వేసి, దాటగానే వెనక చక్రాలే లాగే 2హెచ్‌కి వచ్చేయండి. దిగుడులో న్యూట్రల్ అస్సలు వద్దు. గేరులో యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు మూసుకుంటాయి, పెట్రోలు సున్నా. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగడానికి తాగుతూనే ఉంటుంది, పైగా భారమంతా బ్రేకుల మీద పడి కాలిపోతాయి.

గ్యారేజీ బెజవాడ:
పెద్ద ట్యాంకు ఆలోచన మానెయ్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదు, రేపు ఇన్సూరెన్సు దగ్గర అదే పట్టుకుంటారు. పంపు, లెవెల్ ఫ్లోటు, ఆవిరి పైపులు, బండి తిరగబడితే మూసుకునే వాల్వు, అన్నీ ఆ ట్యాంకు ఆకారానికి కుదిర్చినవి. వెల్డింగ్ షాపులో కుదరవు.

క్యాను చాలు. పెట్రోలియం చట్టం ప్రకారం సొంత వాడకానికి, అమ్మకానికి కాకుండా, 30 లీటర్ల దాకా లైసెన్సు అక్కర్లేదు. లోహపు పాత్ర ఒక్కొక్కటి 25 లీటర్లు మించకూడదు, మూత బిగుతుగా ఉండాలి. నీళ్ల ప్లాస్టిక్ క్యాను వద్దే వద్దు. 20 లీటర్లది ఒకటి కాకుండా 10 లీటర్ల స్టీలువి తీసుకో. నిండుగా ఒక్కోటి పెట్రోలే ఏడున్నర కిలోలు, ఒక చేత్తో వంచగలవు.

నింపేటప్పుడు క్యాను నేల మీద పెట్టు, బండిలో ఉంచి నింపకు. నాజిల్ క్యాను అంచుకు తగిలి ఉండాలి, లేకపోతే స్టాటిక్ నిప్పురవ్వ పుడుతుంది. 10 లీటర్ల క్యానులో 9 పోస్తే చాలు. 30 డిగ్రీలు వేడెక్కితే 9 లీటర్లు పావు లీటరు ఉబ్బుతాయి, ఆవిరికీ చోటు కావాలి. పైన గాలి ఒత్తిడి సగానికి దగ్గరగా పడిపోతుంది కాబట్టి మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పి, కొద్దిగా వదులు చేసి బుస్సుమనే ఆవిరి పోయేదాకా ఆగు.

ఎక్కడ పెట్టాలన్నదే జిమ్నీకి చిక్కు. డిక్కీ, క్యాబిన్ ఒకటే గది, లోపల పెడితే ఆవిరి మీరే పీలుస్తారు. వెనక తలుపు అప్పటికే స్టెప్నీ మోస్తోంది, దాని కబ్జాలకు ఇంకో 10 కిలోలు వేలాడదీయొద్దు. ఒకటి రెండు క్యాన్లయితే ర్యాక్ నడుమ నిలువుగా, కింద రబ్బరు షీటు, రాట్చెట్ బెల్టు అడ్డంగా నిలువుగా రెండేసి. కొబ్బరి తాడు కాదు.

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
అయితే ర్యాక్ ఉంచాల్సిందే, లైట్ బార్ మాత్రం విప్పండి. నేరుగా లేహ్ అయితే ఒక క్యాను చాలు. 40.6కి రిజర్వు 3 కలిపితే 43.6, మీ దగ్గర 49. సో మొరీరి కూడా అయితే దారిని మ్యాపులో కొలవండి, కనీసం 200 కిలోమీటర్లు అదనంగా వేసుకోండి. అంటే ఇంకో 22 లీటర్లు, మొత్తం 66. అది 30 లీటర్ల పరిమితి లోపలే పడుతుంది గానీ పైన మూడు క్యాన్లు మోయాలి. నేనైతే ముందు లేహ్ వెళ్లి ట్యాంకు నింపుకుని ఉప్షీ, మాహే మీదుగా సరస్సుకు వెళ్లి వెనక్కి రమ్మంటాను. కారూ అనే ఊరి బంకు లేహ్‌కి 35 కిలోమీటర్ల ముందే ఉంది, అయినా దాన్ని లెక్కలోకి తీసుకోకుండా లేహ్ దాకా వేసుకోవడమే మంచిది.

ఇప్పుడొచ్చే ఇ20 పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. పాత మైలేజీలతో పోల్చుకుని బండిని తప్పు పట్టొద్దు. అది తేమను కూడా పీల్చుకుంటుంది, క్యానులో నెలల తరబడి దాచకండి.

థార్ పాలమూరు:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి సార్. నాది థార్ డీజిల్, ట్యాంకు 57 లీటర్లు. నాకూ క్యాను కావాలా?

ఫిజిక్స్ మాస్టారు, గుంటూరు:
లేహ్ దాకా అవసరం రాదండి. టర్బో ఉంది కాబట్టి ఎత్తులో మీకు పికప్ కూడా అంతగా పడిపోదు. బీఎస్6 డీజిల్‌కు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉంటుంది, రోజంతా మెల్లగా పాకితే మసి కాల్చడానికి అదనంగా డీజిల్ పోస్తుంది. ఆ దీపం వెలిగితే మధ్యలో ఇంజిన్ ఆపకుండా నడపండి. చలికాలంలో వెళ్తే మాత్రం మైదానంలో పోయించిన డీజిల్ గడ్డకడుతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది, అప్పుడు అదే పోయించుకోవాలి.

కరీంనగర్ జిమ్నీ:
సరే సార్. లైట్ బార్ తీసేస్తున్నా, బ్రేకులు, థర్మోస్టాట్ రేపే చూపిస్తా. 10 లీటర్ల క్యాను ఒకటి. ట్యాంకు ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే పోసుకుంటా.

గ్యారేజీ బెజవాడ:
ఎర్రగీత దాకా ఆగొద్దు తమ్ముడూ. అది ఏ లోయ వంపులో, ఏ చీకట్లో వస్తుందో తెలీదు. పాంగ్ దాటాక మోరే మైదానం చదునుగా ఉంటుంది. పగటిపూట అక్కడ రోడ్డు పక్కకి ఆపు, ఇంజిన్ ఆపు, వాలుగాలి చూసుకుని జల్లెడ ఉన్న గరాటుతో పోసెయ్. పోసే ముందు చేత్తో బండి ఇనుము తాకు. ఖాళీ క్యానులో ఆవిరే ఉంటుంది, నిండు క్యాను కన్నా అదే ప్రమాదం. మూత బిగించి మళ్లీ పైనే కట్టు, డిక్కీలో పడెయ్యకు.